మా యారాలు గీసిన అమ్మాయి

మొన్నీమధ్య నాగర్‌కర్నూల్‌లో ఒక ఆడపిల్లల కాలేజీవాళ్లు మా యారాలు గీసిన బొమ్మలను హాలు గోడలకు వరసగా పెట్టారు. యారాలంటే తోటికోడలు, మా పాలమూరు వైపు అట్లాగే అంటాం. మా అక్క కోడలు ఆ కాలేజీలో పాఠాలు చెబుతుంది. వనపర్తిలో మా ఇంటికి వచ్చినప్పుడు రేకుపెట్టెలో ఉన్న ఆ అట్టలు ఆమె కంటపడ్డాయి. "చిన్నత్తా, గింత మంచి బొమ్మలు పెట్టెల పెట్టి తాళమేసుకున్నరా?" అని, నేను ఔననీ కాదనీ అనకముందే కారులో సర్దించుకుంది. మొత్తం ముప్పై రెండు అట్టలు, అన్నింటిలోనూ ఒకే అమ్మాయి. ఒకదానిలో లంగా మోకాళ్లపైకి లాక్కుని గడప మీద కూర్చుంది. ఒకదానిలో తలంటుకుని జుట్టంతా ముందుకేసుకుని వంగింది. వెన్నుపూసలు ఒక్కొక్కటే లెక్కపెట్టవచ్చు. ఇంకోదానిలో నిండు వయసు మనిషి, పావడా చంకలదాకా కట్టుకుని భుజం మీద చెంబుతో నీళ్లు పోసుకుంటోంది. చూసేవాళ్లకు సిగ్గనిపించదు కానీ, తలుపు కొట్టకుండా లోపలికి వచ్చామేమో అనిపిస్తుంది. ఒక పిల్ల చివరి వరస దగ్గర చాలాసేపు నిలబడి, వచ్చి నా పక్కన కూర్చుంది. "ఆంటీ, గీమెకు పెండ్లి కాలేదా? ముప్పై దాటినట్టున్నది, కాళ్లకు మట్టెలు లెవ్వు," అంది. ఆడపిల్లల కళ్లు ఎక్కడికి పోతాయో చూడండి! "వాళ్లమ్మకు పంపబుద్ధి కాలేదు బిడ్డా," అన్నాను. "మరి ఇప్పుడేడుంటది?" అని అడిగింది. నాకు బస్సు టైమయిందని లేచి వచ్చేశాను. బస్సు నిజంగానే ఉంది, కానీ ఇంకో గంటకు.

ఆ గంటసేపూ బస్టాండులో కూర్చుని, ఆ పిల్లకు చెప్పలేనిదంతా నాలో నేను చెప్పుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

నేను పంతొమ్మిదేళ్లకు గద్వాల్‌లో నేతగాళ్ల ఇంటికి చిన్న కోడలిగా వచ్చాను. ఇంటి ముందుగదిలో రెండు గుంటమగ్గాలు, వెనక వంటిల్లు, మధ్యలో మేమందరం. తెల్లారినప్పటి నుంచి మగ్గం చప్పుడు ఆగితే మా అత్త "ఎవరు సచ్చిండ్రు?" అని అడిగేది, అంత అలవాటు ఆమెకు ఆ చప్పుడు. పెద్ద కోడలు, అంటే మా యారాలు, రాజోలి పిల్ల. పొట్టిగా, గుండ్రంగా, నడుస్తుంటే నేల అదిరినట్టు నడిచేది. వాళ్ల నాయన కూడా నేతగాడే. చీర అంచుకు డిజైను వేసేటప్పుడు గ్రాఫు కాగితం మీద గళ్లకు రంగులు నింపే పని చిన్నప్పటి నుంచీ ఆమెదే. ఆ గళ్ల మధ్య నెమళ్లూ హంసలూ నింపీ నింపీ విసుగొచ్చి, గళ్లు లేనిచోట మనుషులను గీయడం మొదలుపెట్టిందట. నేతవాళ్లకు రంగులు కలపడం నేర్పడానికి ఊళ్లోకి వచ్చిన మాస్టారెవరో పోతూ పోతూ ఆమెకు ఒక పేస్టెళ్ల డబ్బా ఇచ్చి వెళ్లారు. ఆమె వాటిని రంగు బలపాలు అనేది. చీరలు మడతపెట్టే బూడిదరంగు అట్టల మీద వాటితో గీసి, వేలితో రుద్దేది. వేలితో రుద్దితే గీతలు కలిసిపోయి నిజంగా చర్మంలా అయ్యేవి. మా అత్త నడుము వంచి పడుగు దారాలు సరిచేస్తుంటే ఆ వీపును గీసింది, పక్కింటామె పిల్లకు పాలిస్తుంటే ఆ చంకలోని మడతలు గీసింది. "ఇద్దరు కోడండ్లు. ఒకతి గీస్తది, ఒకతి సూస్తది. ఇగ బువ్వ నేను వండాల్నా?" అని మా అత్త తిట్టేది కానీ, తన వీపు బొమ్మను మాత్రం ఎవరొచ్చినా చూపించుకునేది.

ఆమెకు కూతురు పుట్టిన మూడు నెలలకు నాకు కూతురు పుట్టింది. నాకు తల్లి లేదు. పురుడు అత్తగారింట్లోనే జరిగింది. మూడు నెలల బాలింత అయివుండీ నాకు ఒళ్లు రుద్ది వేడినీళ్లు పోసింది మా యారాలే. నాకు పాలు పడటానికి ఐదారు రోజులు పట్టింది. అప్పటిదాకా నా పిల్లకు ఆమే పాలిచ్చింది, ఆ పక్కొకరినీ ఈ పక్కొకరినీ వేసుకుని. "రెండున్నయి గద చెల్లె, ఎందుకు పరేషానయితవు?" అని నవ్వేది. పిల్లలిద్దరూ కవలల్లా పెరిగారు. ఎవరిని కొట్టినా ఇద్దరూ ఏడ్చేవాళ్లు. ఎవరికి జడ వేసినా రెండోది వచ్చి వీపు తిప్పి కూర్చునేది.

వాళ్లకు ఆరేళ్లప్పుడు నేను రెండో కాన్పుకు వనపర్తిలో మా అక్క దగ్గరికి వెళ్లాను. నా కూతురు నాతో రానని మొండికేసింది. చెల్లెను విడిచి ఉండనని వాళ్ల పెద్దమ్మ కూతురూ ఏడ్చింది. సరే, యారాలు చూసుకుంటుందిలే అని వదిలి వెళ్లాను. నేను వెళ్లిన నెలకు ఇద్దరికీ ఒకేసారి తట్టు పోసింది. ఒకే చాప, దాని మీద వేపాకు, ఇద్దరి మధ్యలో మా యారాలు. తట్టు తగ్గింది కానీ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇద్దరినీ చెరో భుజాన వేసుకుని కర్నూలు బస్సెక్కింది. దవాఖానలో మూడో రోజున ఒక పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగింది. ఆ పిల్ల నాది.

నాకు ఆ కబురు చెప్పలేదు, బాలింతకు చెప్పకూడదన్నారు. నేను చంటివాడితో గద్వాల్ చేరేసరికి అంతా అయిపోయి నెల దాటింది. మా యారాలు లోపలి నుంచి నా బిడ్డ చెయ్యి పట్టుకుని వచ్చింది. తలదువ్వి, కొత్త గౌను తొడిగి, కాటుక పెట్టి తెచ్చింది. "ఇగో చెల్లె, నీ బిడ్డను నీకప్పజెప్తున్న," అంది. అంతే. ఆమె ఏడ్చివుంటే నేను కూడా ఏడ్చి కొంత తేలికయ్యేదాన్ని. ఏడవలేదు.

తర్వాతి ఏడు చనిపోయిన పిల్ల పుట్టినరోజున ఆమె అట్ట తీసి బొమ్మ గీసింది. ఏడేళ్ల పిల్ల. ముందరి పళ్లు రెండూ లేవు. ఆ పిల్ల పోయేనాటికి పళ్లు ఊడలేదు. మా బావగారు చూసి మగ్గం దగ్గరికి పోయి కూర్చున్నారు. ఆయన మాట్లాడే మనిషి కాదు. చీరలు అమ్మడానికి రాయచూరు పోయినప్పుడల్లా రంగు బలపాల డబ్బా ఒకటి తెచ్చి గూట్లో పెట్టేవారు. ఒకసారి మా ఆయన ఆయనతోపాటు వెళ్లాడు. దుకాణంలో కన్నడాయన "మగళిగా?" అని, అంటే కూతురికా అని అడిగాడట. మా బావగారు "హౌదు", ఔను అన్నారట. మా ఆయన ఇంటికొచ్చి ఆ మాట నాకు చెబుతూ మధ్యలోనే ఆపేసి బయటికి వెళ్లిపోయాడు.

ఎనిమిది, తొమ్మిది, పది. ఏటా ఒక బొమ్మ. ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్లం కాదు కానీ, ఇంట్లో ఇంకో పిల్ల పెరుగుతోందని అందరికీ తెలుసు. నా కూతురికి ఆకుపచ్చ లంగా కుట్టిస్తే ఆ ఏడు అట్టమీది పిల్లకూ ఆకుపచ్చ లంగానే. పట్టపగలు నేను బియ్యం ఏరుతుంటే లోపలి గదిలోంచి "జర ఎలుతుర్లకు జరుగమ్మా" అని ఆమె గొంతు వినిపించేది. నా పిల్ల ఏమో బడికి పోయివుండేది. నేను చేట కింద పెట్టేదాన్ని, మళ్లీ చేతిలోకి తీసుకునేదాన్ని. తొమ్మిదేళ్ల బొమ్మలో మోకాలి మీద ఒక మచ్చ కనిపించింది. నా కూతురు మెట్ల మీద పడి చేసుకున్న మచ్చ అది. మొహం మాత్రం ఆ పిల్లదే. పైకి తిరిగిన ముక్కు, దూరం దూరంగా కళ్లు. అప్పటికి అర్థమైంది నాకు. చనిపోయిన పిల్ల ఎంత పొడుగు పెరిగేదో, చేతులు ఎంత సన్నబడేవో ఆమె ఎక్కడి నుంచి కొలత తీసుకుంటోందో. పాలిచ్చిన తల్లి కొలత తీసుకుంటే వద్దనేదెట్లా?

పన్నెండు నిండాక నా కూతురు పెద్దమనిషయింది. చాప మీద కూర్చోబెట్టి, వచ్చేపోయే ఆడవాళ్లు చిమ్మిలి ఉండలు తినిపిస్తుంటే అది మహారాణిలా కులికింది. పదకొండో రోజు తలకు పోసి కూర్చోబెట్టాక, మా యారాలు అట్టా డబ్బా పట్టుకుని వచ్చి దాని ఎదురుగా కూర్చుంది. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయడం అదే మొదటిసారి. దానికి చెప్పలేనంత సంబరం. నిజంగానే అంత మంచి బొమ్మ ఆమె అంతకుముందు గీయలేదు. మెడ కింద కొత్తగా వచ్చిన నునుపూ, ఓణీని గుప్పిట్లో నలుపుకుంటున్న చేతులూ, ఒళ్లు తనదేనా కాదా అని తేల్చుకోలేనట్టు ముందుకు వంచిన భుజాలూ అన్నీ దానివే, మొహం ఒక్కటే కాదు. అయిపోగానే నా కూతురు ఎగిరివచ్చి చూసింది. చూసి, నవ్వు ఆగిపోయి, నా దగ్గరికి వచ్చి కొంగు పట్టుకుంది.

"అమ్మా, నేను సచ్చిపోయిన్నా?"

ఆ సాయంత్రమే దానికి జ్వరం వచ్చింది. పదకొండు రోజుల అలసట అంతే, మర్నాటికి తగ్గింది కూడా. కానీ మా అత్త గుమ్మంలో నిలబడి, "సచ్చిన పిల్లకు బతికిన పిల్ల ఒళ్లు అరువియ్యొద్దు. ఎవరొకరు చెప్పుండ్రి దానికి," అంది. నేనే చెప్పాను. మా యారాలు పెరట్లో చేతులు కడుక్కుంటోంది. "అక్కా, నా బిడ్డను నాకిడిచిపెట్టు," అన్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ నా వంక చూసింది. అప్పజెప్పిన బిడ్డనే కదా నేను మళ్లీ అడుగుతున్నాను. "సరే చెల్లె. దాన్ని ఇగ దించను," అంది. దించడమంటే బొమ్మ గీయడం. ఆ మాటకు తగ్గట్టు ఆ తర్వాత ఆమె నా కూతురి వంక సూటిగా చూడటమే మానేసింది. అన్నం పెట్టేటప్పుడు కూడా కంచం వంకే చూసి పెట్టేది.

ఆ ఏడే మేం వనపర్తికి మారాం. మా ఆయన అక్కడ చీరల దుకాణం తెరిచాడు. పిల్లల చదువుల కోసమని అందరికీ చెప్పాం, మేం కూడా కొన్నాళ్లకు అదే నమ్మాం. గద్వాల్‌కు పెళ్లిళ్లకూ చావులకూ వెళ్లేవాళ్లం, చీకటి పడకముందే తిరిగి వచ్చేవాళ్లం. పదిహేడేళ్లు అట్లా గడిచాయి. అరవై కిలోమీటర్ల దూరం కూడా లేని ఊరు! నా కూతురి పెళ్లికి ఆమె నేసిన చీర పంపింది. తను రాలేదు, కాలు నొప్పి అన్నారు. కాలు నొప్పి లేదని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

మా బావగారు పోయినప్పుడు దినకర్మలదాకా ఉండిపోయాం. నా కూతురు అప్పటికి ఆరు నెలల పిల్లకు తల్లి, హైదరాబాద్‌లో ఉద్యోగం. చుట్టాలందరూ వెళ్లిపోయిన మధ్యాహ్నం మా యారాలు రేకుపెట్టె లాక్కుని వచ్చి మా ఇద్దరి ముందూ తెరిచింది. "ఇన్నాళ్లు ఆయన సూసెటోడు. ఇగ సూసెటోళ్లు లేరు," అంది. పదమూడో ఏటి బొమ్మ నుంచి ఇరవై తొమ్మిదో ఏటిదాకా ఉన్నాయి. నేను ఒక్కొక్కటే ఒడిలోకి తీసుకుంటూ పోయాను. పద్దెనిమిది దగ్గర నా చెయ్యి ఆగింది. ఆ అమ్మాయి ఎడమ భుజం కుడిదానికంటే కాస్త దిగి ఉంది. ఇరవై ఒకటిలో నడుము మీద, తుంటికి పైన, ఆకు ఆకారంలో ఒక కాలిన మచ్చ. పడుగుకు పెట్టే గంజి నా మీద ఒలికినప్పుడు పడిన మచ్చ అది. నా మొగుడికి తప్ప ఎవరికీ కనిపించని చోట ఉంది. పురిట్లో నాకు ఒళ్లు రుద్దిన మనిషికి కూడా తెలుసని మరిచిపోయాను.

"అక్కా, ఇది నా ఒళ్లు," అన్నాను.

"నీదే. నీ బిడ్డను దించొద్దంటివి. నిన్ను దించొద్దనలే గద," అంది. కోపం లేదు ఆ గొంతులో. ఆ రోజుల్లో నా ఒళ్లు అంత అందంగా ఉండేదని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ చూసుకోలేదు. ముప్పై ఏళ్ల కింద నేను పారేసుకున్నదాన్ని ఆమె ఏరుకుని, ఆ పిల్లకు తొడిగి, ఏటేటా పెంచింది. భయమేసింది నాకు. అయినా అట్ట కింద పెట్టబుద్ధి కాలేదు. ఏదో ఒకటి అనాలని, "ముప్పై వస్తున్నయి, ఇంక పెండ్లి చేయకపోతివి దీనికి," అన్నాను. ఆమె తేలిగ్గా నవ్వింది. "చేస్తే పంపియ్యాల్సొస్తది చెల్లె."

ఆ పదకొండో రోజు తను అడిగిన ప్రశ్న నా కూతురికి గుర్తుందో లేదో నాకు తెలీదు. చంటిపిల్లను నా ఒడిలో పెట్టింది. వెళ్లి మా యారాలి ఎదురుగా, పన్నెండేళ్లప్పుడు కూర్చున్నట్టే కింద కూర్చుంది. "పెద్దమ్మా, నన్ను దించు," అంది. నేను వద్దనబోయాను. అది నా వంక చూసిన చూపుకు చంటిదాన్ని సర్దుకుని పక్కకు జరిగాను.

మా యారాలు అట్ట తీసుకుంది. ఒళ్లు చకచకా వచ్చింది. పాలతో బరువెక్కిన రొమ్ములు, సిజేరియన్ తర్వాత వదులైన పొట్ట, కూర్చుంటే వెడల్పయ్యే తొడలు. ఏదీ తగ్గించలేదు, ఏదీ దాచలేదు. మొహం దగ్గరికి వచ్చాక చెయ్యి ఆగింది. ఒక గీత గీసి తుడిచేసింది. మళ్లీ గీసింది, మళ్లీ తుడిచింది. ఏ గీత గీసినా ముక్కు పైకే తిరుగుతోంది. చివరికి బలపం కింద పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకుంది. "నీ మొగం వస్తలేదు బిడ్డా నాకు. నీ మొగంల ఇన్నేండ్లు నా బిడ్డనే చూసిన. నిన్ను ఎన్నడు చూడలే," అని ఏడ్చింది. ఇరవై మూడేళ్ల కింద ఏడవాల్సిన ఏడుపు అది. నా కూతురు కదలకుండా కూర్చుంది. "ఇప్పుడు సూడు పెద్దమ్మా. నేను యాడికి పోతలేను," అంది. ఆమె రంగు అంటిన వేళ్లతో దాని నుదురూ, ముక్కూ, చెంపలూ తడుముతూ చూసింది. "ముక్కు మీ నాయనది. ఈ గదుమ ఎవరిదే?" అని అడిగింది. అది మా అమ్మ గడ్డం అని చెప్పాను. మా అమ్మను ఆమె ఎన్నడూ చూడలేదు. మూడు రోజులు పట్టింది ఆ ఒక్క మొహం రావడానికి. వనపర్తి నుంచి మా ఆయన ఒకటే ఫోన్లు, దుకాణం తాళంచెవి ఎక్కడ పెట్టావని. అది ఎక్కడుందో నాకు తెలిసినా దొరకట్లేదని చెప్పాను. ఆ బొమ్మ ఇప్పుడు హైదరాబాద్‌లో దాని పడగ్గదిలో ఉంది. ఎవరు అడిగినా ఇవ్వదు.

దాంతో ఆమె ఆ పిల్లను గీయడం మానేస్తుందనుకున్నాను. మానలేదు. పుట్టినరోజుకు ముప్పయ్యో ఏటి బొమ్మ గీసి, నన్ను పిలిచి చూపించింది. అందులో అమ్మాయి పొట్టిగా, గుండ్రంగా, నేల అదిరేలా నిలబడి ఉంది. "ఇన్నేండ్లు నీ లెక్క నిలువుగ గీసిన. నా కడుపుల పుట్టింది నా లెక్క ఉండదా? పిచ్చిదాన్ని," అంది. ఆ తర్వాతి ఎనిమిది బొమ్మల్లో నాది కానీ నా బిడ్డది కానీ ఒక్క గీత కూడా లేదు. మెడ కింద మడత, మోచేతి దగ్గర సొట్ట, అన్నీ ఆమెవే. తల్లి పోలిక వచ్చిందని చూడగానే చెప్పొచ్చు. ఒకరి అరువు లేకుండా ఆ పిల్ల తన ఒంటితో తాను నిలబడటం చూసి నాకు భయం పోయింది. భయం పోయాక దుఃఖం వచ్చింది. అప్పటిదాకా దానికి చోటే లేకపోయింది.

మా యారాలికి షుగరు ముదిరి చూపు తగ్గింది. రెండేళ్ల కింద నేను గద్వాల్ వెళ్లేసరికి మంచం మీద ఉంది. తలంటి, జుట్టు ఆరబెట్టి, ఈసారి నేనే ఆమె ఒళ్లు తుడిచాను. నలభై ఏళ్ల కిందటి బాకీ అంటారేమో, అట్లా ఏమీ అనిపించలేదు. ఇద్దరు ముసలి ఆడవాళ్లం, ఒకరి ఒళ్లు ఒకరికి తెలిసినవాళ్లం, అంతే. కళ్లు మూసుకునే, "మన పిల్లలకు ఎన్నేండ్లు ఇప్పుడు?" అని అడిగింది. ముప్పై ఎనిమిది నిండాయని చెప్పాను. "అబ్బా, ఎంత పెద్దోళ్లయిండ్రే," అంది. నెల తిరగకుండానే పోయింది, రేకుపెట్టె నా వెంట వనపర్తికి వచ్చింది.

ఈ ఏడు నా కూతురికి నలభై. దానికి పుట్టినరోజు ఫోను చేయడానికి మూడు నెలల ముందే, ఎవరూ చెప్పకుండానే, ఒకరోజు పొద్దున లేవగానే ఆ రెండో పిల్లకు నలభై నిండాయని నాకు తెలిసిపోయింది. కాలం బతికినవాళ్లనే వెంటబెట్టుకుపోతుందని అనుకునేదాన్ని. ఎవరో ఒకరు ఏడాదికోసారి ఆగి పిలిస్తే పోయినవాళ్లు కూడా మన వెనకే మెల్లగా పెద్దవాళ్లవుతూ వస్తారు, మన తర్వాత వాళ్లను పిలిచేదెవరన్నది మాత్రం కాలం చెప్పదు.